రోహిణి కార్తెలో నిలిచే ర్యామ్

ఏప్రిల్ నెలాఖరున ఒక మధ్యాహ్నం నేను తెరిచిన పెళ్లి ఫోటోలో వధువు దోసిలి దాకా అంతా సవ్యంగానే ఉంది. దోసిలి కింద నుంచి మాత్రం బొమ్మను అడ్డంగా కోసినట్టు ఒక గీత పడి, పసుపు పట్టుచీర బూడిద రంగుకు తిరిగి, తలంబ్రాల బియ్యం ఉండవలసిన చోట ఆకుపచ్చ గళ్లు కనిపించాయి. కెమెరా కార్డులో అదే ఫోటోను చూస్తే ఏ లోపమూ లేదు. కార్డు నుంచి డిస్కులోకి కాపీ అయ్యే దారిలో, నా కంప్యూటర్ మెమరీ గుండా పోయేటప్పుడు, ఎక్కడో ఒక బిట్టు తారుమారైంది. జేపెగ్ ఫైలులో ఒక్క బిట్టు మారినా అక్కడి నుంచి కింది భాగమంతా చెదిరిపోవచ్చు, ఎందుకంటే అందులో ప్రతి గడి రంగునూ దాని ముందు గడి రంగుతో ఉన్న తేడాగా రాసి పెడతారు. 1,800 ఫోటోలు ఒక్కొక్కటే తిరగేస్తే అలాంటివి మూడు దొరికాయి. కార్డును ఇంకా చెరపలేదు కాబట్టి పెళ్లివారి ముందు మాట దక్కింది.

ఆ తప్పు కెమెరాది కాదు, కార్డుది కాదు, డిస్కుదీ కాదు. అంతకుముందు డిసెంబరులో నేను ఓవర్‌క్లాక్ చేసి (నిర్ణీత వేగాన్ని మించి నడిపేలా మార్చి), రెండు రాత్రులు వరుసగా పరీక్ష నడిపి, ఒక్క ఎర్రరు కూడా లేదని నిర్ధారించుకున్న ర్యామ్ స్టిక్కులే ఆ పని చేశాయి. డిసెంబరు రాత్రి నిలిచినది ఏప్రిల్ మధ్యాహ్నం ఎందుకు నిలవలేదన్న ప్రశ్న వెంట పడి నేను తెలుసుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను.

కడపలో ఒక పాత మిద్దె మీద గదిలో పెళ్లి ఆల్బములు, వీడియోలు ఎడిట్ చేయడం నా జీవనాధారం. గదికి పైకప్పు నాపబండలది. పగలంతా ఎండను తాగిన ఆ బండలు రాత్రి పది దాటినా వేడిని కక్కుతూనే ఉంటాయి. మా దగ్గర ముహూర్తాలు వైశాఖ, జ్యేష్ఠ మాసాల్లో జోరుగా ఉంటాయి కనుక, కంప్యూటర్‌కు ఏడాదిలోకెల్లా బరువైన పనీ, ఊరికి ఏడాదిలోకెల్లా తీవ్రమైన ఎండా ఒకేసారి వస్తాయి. బయట 42, 43 డిగ్రీలు ఉన్న రోజున ఏసీ లేని ఆ గది 38కి తగ్గదు. మెమరీ స్టిక్కులను పోల్చి చూపే సమీక్షలు ఎక్కువగా చల్లని గదుల్లో జరిగిన పరీక్షల మీద ఆధారపడతాయి. ఆ పోలికలు అబద్ధాలని నేను అనడం లేదు. కర్నూలు, కడప, అనంతపురం వాళ్లకు అవి సగం పోలికలు మాత్రమేనని, మిగిలిన సగాన్ని మనమే మన ఎండలో చేసుకోవాలని నా వాదన.

ఎండకూ మెమరీకీ సంబంధం ఏమిటో తెలియాలంటే చిప్పు లోపలికి చూడాలి. ఐబీఎంలో రాబర్ట్ డెనార్డ్ అనే ఇంజనీరు రూపొందించి 1968లో పేటెంట్ పొందిన ఒక్క ట్రాన్సిస్టర్ మెమరీ గడే నేటికీ మన ర్యామ్‌కు పునాది. ప్రతి గడిలో ఒక చిన్న కెపాసిటర్ ఉంటుంది. అందులో విద్యుదావేశం ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఒకటో సున్నానో తేలుతుంది. ఆ కెపాసిటర్ చిల్లికుండ లాంటిది, పోసిన నీరు కారిపోతూనే ఉంటుంది. అందుకే నా స్టిక్కుల తరానికి చెందిన డీడీఆర్4 మెమరీ ప్రమాణం ప్రకారం ప్రతి వరుసనూ 64 మిల్లీసెకన్లలోగా ఒకసారి చదివి మళ్లీ నింపాలి. ఆ 64 మిల్లీసెకన్ల వ్యవధిని 8,192 రిఫ్రెష్ ఆదేశాలుగా పంచుతారు కాబట్టి సగటున 7.8 మైక్రోసెకన్లకు ఒకటి చొప్పున వస్తుంది. చిప్పు వేడెక్కేకొద్దీ కుండ చిల్లి పెద్దదవుతుంది. చిప్పు ఉష్ణోగ్రత 85 డిగ్రీలు దాటితే రిఫ్రెష్‌ను రెట్టింపు వేగంతో చేయాలని ఆ ప్రమాణమే చెబుతోంది. అంటే ఎండ సంగతి మెమరీ తయారీదారులకు మొదటి నుంచీ తెలుసు, వాళ్లు దానికి తగినంత వెసులుబాటు కూడా ఉంచారు. ఓవర్‌క్లాకింగ్ పేరుతో మనం ఖర్చు చేసేది ఆ వెసులుబాటునే.

ముఖ్యంగా టీఆర్ఎఫ్‌సీ అనే టైమింగ్ దగ్గర ఈ ఖర్చు ఎక్కువగా జరుగుతుంది. ఒక రిఫ్రెష్ ఆదేశం పూర్తయ్యేదాకా మెమరీ వేరే పని చేయకుండా ఆగే సమయం అది. 8 గిగాబిట్ డీడీఆర్4 చిప్పుకు ప్రమాణం చెప్పే విలువ 350 నానోసెకన్లు. 3600 వేగంలో గడియారం 1800 మెగాహెర్ట్‌జ్‌తో తిరుగుతుంది కనుక అది 630 సైకిళ్లవుతుంది. నేను డిసెంబరులో దాన్ని 270 సైకిళ్లకు, అంటే 150 నానోసెకన్లకు కుదించాను. చలికాలంలో ఆ కాస్త వ్యవధిలోనే గడులన్నీ నిండాయి. ఎండాకాలంలో నిండలేదు.

ఇక పోలికకు వస్తే, ముందుగా పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉండే సంఖ్యను పక్కన పెట్టాలి. 3200, 3600, 6000 అనేవి సెకనుకు ఎన్ని మిలియన్ల (పది లక్షల) బదిలీలు జరుగుతాయో చెప్పే లెక్కలు. అడిగిన సమాచారం ఎంత సేపటికి రావడం మొదలవుతుందో తెలియాలంటే సీఎల్ అనే సంఖ్యను (అడిగాక ఆగవలసిన సైకిళ్ల లెక్క) 2000తో గుణించి వేగంతో భాగించాలి. 3200 సీఎల్ 16కు 10 నానోసెకన్లు వస్తుంది, 3600 సీఎల్ 18కీ అదే 10. 3600 సీఎల్ 16కు 8.9, నేను పట్టుబట్టి సాధించిన 3600 సీఎల్ 14కు 7.8. కొత్త తరం డీడీఆర్5లో 6000 సీఎల్ 30కి మళ్లీ 10 నానోసెకన్లే, 5600 సీఎల్ 46కు ఏకంగా 16.4. ఎక్కువ సంఖ్య ఉన్న పెట్టె అన్ని విధాలా వేగంగా ఉంటుందనుకోవడం ఎంత తప్పో ఈ చిన్న లెక్క చెబుతుంది.

మా ఊళ్లో అసెంబుల్ చేయించిన కంప్యూటర్లు చాలావాటిలో నేను చూసిన స్థితిని కూడా ఇక్కడ చెప్పాలి. 3200 స్టిక్కులు కొని పెట్టినవాళ్లు బయోస్‌లో (బోర్డు సెట్టింగుల్లో) స్టిక్కును పెట్టె మీది వేగానికి చేర్చే ఎక్స్ఎంపీ ఆన్ చేయకపోవడంతో అవి 2133 లేదా 2400 వద్దే ఏళ్ల తరబడి నడుస్తుంటాయి. 2133 సీఎల్ 15 అంటే 14 నానోసెకన్లు. దానికి తోడు రెండు 8 జీబీ స్టిక్కులకు బదులు ఒకే 16 జీబీ స్టిక్కు పెడితే మెమరీకి ఉన్న రెండు దారుల్లో (ఛానెళ్లలో) ఒకటి ఖాళీగా ఉండి, 2133 వద్ద బదిలీ సెకనుకు 17 జీబీ దగ్గరే ఆగిపోతుంది. రెండు ఛానెళ్లలో 3600 నడిస్తే సిద్ధాంతరీత్యా 57.6 జీబీ. నా ప్రాసెసర్ ఏఎండీ కంపెనీ రైజెన్ 5600ఎక్స్. ఆ తరంలో మెమరీ గడియారం, ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ అనే లోపలి రహదారి గడియారం సమానంగా తిరిగినప్పుడే మంచి ఫలితం వస్తుంది. చాలా చిప్పుల్లో 3600 దగ్గర ఆ సమానత్వం సులభంగా కుదురుతుంది, 3800 దాటితే సాధారణంగా తప్పుతుంది. కాబట్టి ఆ వేదిక మీద 4400 అని రాసిన స్టిక్కు కొనడం డబ్బు దండగ. 2133 నుంచి 3600కు పోయినప్పుడు నా దగ్గర 18 నిమిషాలు పట్టే ఒక ఎక్స్‌పోర్ట్ దాదాపు 17 నిమిషాలకు వచ్చింది. సీఎల్ 16 నుంచి సీఎల్ 14కు దిగినప్పుడు మిగిలినది పది సెకన్లు కూడా లేదు. ఆ పది సెకన్ల కోసమే నేను మూడు ఫోటోలు పోగొట్టుకోబోయాను.

ఓవర్‌క్లాకింగ్ కోసం స్టిక్కులను పోల్చేవాళ్లు కంపెనీ పేరు కన్నా లోపలి చిప్పు పేరు చూస్తారు, అది సరైన పద్ధతే. శాంసంగ్, మైక్రాన్, హైనిక్స్ అనే మూడు పెద్ద సంస్థల చిప్పులనే దాదాపు అందరూ తమ పెట్టెల్లో అమ్ముతారు. డీడీఆర్4 కాలంలో శాంసంగ్ బీ-డై అనే చిప్పు రకానికి ఉన్న పేరు వేరే దేనికీ లేదు. వోల్టేజి పెంచేకొద్దీ దాని టైమింగులు బిగుతవుతాయి, టీఆర్ఎఫ్‌సీ మిగతా చిప్పులు ఊహించలేనంత కిందికి దిగుతుంది. 3200 వేగంలో టైమింగులు 14-14-14 (మొదటిది సీఎల్) అని మూడు సంఖ్యలూ సమానంగా ఉన్న స్టిక్కు కనిపిస్తే అది బీ-డై అనుకోవచ్చు. పాతవి కొనేటప్పుడు ఇంకొన్ని గుర్తులు పనికొస్తాయి. కోర్సేర్ స్టిక్కు లేబుల్ మీద వెర్షన్ సంఖ్య 3తో మొదలైతే మైక్రాన్, 4 అయితే శాంసంగ్, 5 అయితే హైనిక్స్. జీస్కిల్ లేబుల్ మీద 042తో మొదలయ్యే కోడ్ చివర 10బీ ఉంటే 8 గిగాబిట్ శాంసంగ్ బీ-డై. ఈ కోడ్ ఫోటో పంపమంటే సందేహించే అమ్మకందారుడి దగ్గర నేను కొనను.

నేను అలా కోడ్ చూసి, దాదాపు రెట్టింపు ధర పెట్టి సెకండ్‌హ్యాండ్‌లో కొన్న బీ-డై స్టిక్కులే ఏప్రిల్‌లో ఓడిపోయాయి. వేడి విషయంలో ఈ చిప్పుకు ఉన్న బలహీనత ఓవర్‌క్లాకర్లందరికీ తెలిసినదే. టైమింగులు బాగా బిగించినప్పుడు స్టిక్కు 45, 50 డిగ్రీలు దాటితే ఎర్రర్లు మొదలవుతాయి. చల్లని దేశాల్లో ఉండేవారికి అది చిన్న హెచ్చరిక, ఒక ఫ్యాన్ పెట్టుకుంటే తీరిపోయే సంగతి. మన గదిలో గాలే 38 డిగ్రీలు ఉన్నప్పుడు, కింద గ్రాఫిక్స్ కార్డు వదిలే వేడి నేరుగా స్టిక్కుల మీదికి పోతున్నప్పుడు, 50 అన్నది మనం దాటకుండా ఉండలేని గీత. డిసెంబరు రాత్రి 40 చూపిన సెన్సార్ ఏప్రిల్ మధ్యాహ్నం 54 చూపింది.

ఆ తరువాత వారం రోజులు నేను పని తగ్గించుకొని ఒక పోలిక చేశాను. మిత్రుడి దగ్గర మైక్రాన్ ఈ-డై చిప్పులున్న 3200 సీఎల్ 16 స్టిక్కులు తెచ్చి, అదే బోర్డులో, అదే గదిలో, మధ్యాహ్నం ఒంటి గంట నుంచి నాలుగు గంటల దాకా పరీక్షించాను. బీ-డై 3600 వేగంలో 14-15-15 టైమింగులు, 1.45 వోల్టులు, 270 టీఆర్ఎఫ్‌సీతో పదకొండు నిమిషాల్లో మొదటి ఎర్రరు ఇచ్చింది. దాన్నే 16-16-16కు వదులు చేసి, వోల్టేజి 1.38కి దించి, టీఆర్ఎఫ్‌సీని 360కి పెంచితే మూడు గంటలూ శుభ్రంగా నడిచింది. మైక్రాన్ ఈ-డై 16-19-16, 1.38 వోల్టులు, 540 టీఆర్ఎఫ్‌సీతో ఒక్క ఎర్రరూ ఇవ్వలేదు. ఈ-డైలో రెండో సంఖ్య 19 కన్నా దిగడానికి మొండికేస్తుంది, టీఆర్ఎఫ్‌సీ 300 నానోసెకన్ల చుట్టూనే ఆగిపోతుంది. ఆ మొండితనమే మన ఎండలో దానికి మేలు చేస్తోంది. బిగించడానికి అంతగా చోటివ్వని చిప్పు దగ్గర వెసులుబాటు చాలావరకు మిగిలే ఉంటుంది.

బీ-డై చెడ్డదని దీని అర్థం కాదు. వదులు చేసిన బీ-డై ఇప్పటికీ ఈ-డై కన్నా కొద్దిగా ముందే ఉంది. అయితే ఎండకు తట్టుకునే స్థితిలో రెండింటి మధ్య పనితీరు తేడా చాలా తగ్గిపోయింది, ధర తేడా మాత్రం అలాగే ఉంది. సమీక్షలోని పట్టికలో కనిపించే తేడాకు డబ్బు పెట్టి, ఏడాదిలో నాలుగు నెలలు ఆ తేడాను వాడుకోలేకపోవడం తెలివైన కొనుగోలు కాదు. నా లాగా ఫైళ్ల మీద బతికేవారికి నేను ఈ-డై లాంటి, లేదా హైనిక్స్ డీజేఆర్ లాంటి మధ్యరకం చిప్పునే సిఫారసు చేస్తాను. ఋతువును బట్టి బయోస్ మార్చుకునే ఓపిక, ఆసక్తి ఉన్నవారు బీ-డై తీసుకోవచ్చు.

పరీక్ష చేసే పద్ధతి గురించి కూడా గట్టిగా చెప్పవలసి ఉంది. రాత్రి పడుకునే ముందు పరీక్ష పెట్టి తెల్లవారి చూడమని అందరూ సలహా ఇస్తారు. మన ప్రాంతంలో ఇది ఊరు చల్లబడ్డాక ఎండ ఎంతో కొలిచినట్టు ఉంటుంది. పైగా పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అయ్యే మెమ్‌టెస్ట్86 నడుస్తున్నప్పుడు గ్రాఫిక్స్ కార్డుకు పని ఉండదు, అందువల్ల పెట్టె లోపలి గాలి చల్లగానే ఉంటుంది. ప్రాథమిక తనిఖీకి అది మంచి సాధనమే. అసలు పరీక్ష మాత్రం మధ్యాహ్నం పూట, విండోస్‌లో టెస్ట్‌మెమ్5 అనే మెమరీ పరీక్ష ప్రోగ్రాం నడుపుతూ, పక్కన గ్రాఫిక్స్ కార్డును వేడెక్కించే పని ఇంకొకటి పెట్టి చేయాలి. కేబినెట్ మూత వేసే ఉంచాలి, రోజూ పని చేసేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే. కరెంటు పోతే పరీక్ష మళ్లీ మొదటికొస్తుంది కనుక యూపీఎస్ ఉండాలి. "రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి" అని పెద్దలు అన్నారు. రోలు పగిలే మధ్యాహ్నం నిలిచిన టైమింగ్ ఏడాదంతా నిలుస్తుంది.

వేడిని తగ్గించే దారి లేదా అంటే కొంత ఉంది. స్టిక్కుల పైన ఒక 120 ఎంఎం ఫ్యాన్‌ను ప్లాస్టిక్ ట్యాగులతో కట్టాను, ఏడు డిగ్రీలు తగ్గింది. పదిహేను రోజులకొకసారి ముందు జాలీలో పేరుకున్న దుమ్ము ఊదకపోతే అందులో సగం మళ్లీ పోతుంది. రంగురంగుల లైట్లున్న స్టిక్కులు నేను కొననిది అందం మీద ద్వేషంతో కాదు, ఆ లైట్లు కూడా స్టిక్కు మీదే ఎంతో కొంత వేడి పుట్టిస్తాయి కనుక. ఎత్తైన హీట్ స్ప్రెడర్ పెద్ద ఎయిర్ కూలర్ కింద పట్టక ఇబ్బంది పెట్టడం నేను రెండుసార్లు చూశాను.

ఇంత తంటా ఎందుకు, ఎక్స్ఎంపీ ఆన్ చేసి వదిలేస్తే పోదా అని అడిగేవారున్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. నాలుగు ఆటలు ఆడుకుని, ఇంటర్నెట్ చూసుకునేవారికి అదే చాలు. అయితే ఎక్స్ఎంపీ కూడా ఓవర్‌క్లాకింగే. డీడీఆర్4 ప్రమాణ వోల్టేజి 1.2, చాలా ఎక్స్ఎంపీ ప్రొఫైళ్లు అడిగేది 1.35. తయారీదారు పరీక్షించాడన్న నమ్మకంతో ఎండాకాలపు తనిఖీ మానుకోవడం సరికాదు. ఇక 2025 చివరి నుంచి ఏఐ సర్వర్ల గిరాకీ వల్ల మెమరీ ధరలు ఆకాశాన్నంటాయి. ఉన్న స్టిక్కుల నుంచి నికరంగా వచ్చేదంతా రాబట్టుకోవడం ఇప్పుడు మునుపటి కన్నా అవసరమైన పని.

ప్రొద్దుటూరులో ఉండే మా అన్న కొడుకు ఈ మధ్య కొత్త ఏఎం5 (కొత్త తరం రైజెన్) కంప్యూటర్ కోసం లెక్కలు వేసుకుంటూ ఫోన్ చేశాడు. "చిన్నాయనా, 6000 ఎందుకు, 7200 తీసుకుంటే పోదా? ఎక్కువ నంబరే కదా మంచిది?" అన్నాడు. వాడి చేత నేను లెక్క వేయించాను. 7200 సీఎల్ 36కు 10 నానోసెకన్లు, 6000 సీఎల్ 30కీ 10 నానోసెకన్లే. పైగా ఆ రైజెన్లలో వేగం 6400 దాటితే మెమరీ కంట్రోలర్ సాధారణంగా సగం వేగానికి పడిపోతుంది, 7200 తెచ్చిన లాభం ఎక్కువగా అక్కడే కరిగిపోతుంది. తరువాత పెంచుకోవచ్చని ముందు రెండు స్టిక్కులు, ఆ పైన ఇంకో రెండు కొనే ఆలోచన కూడా మానుకోమన్నాను. రైజెన్ 7000 తరానికి నాలుగు స్టిక్కులు పెడితే ఏఎండీ హామీ ఇచ్చే వేగం 3600 మాత్రమే.

డీడీఆర్5లో మన ఎండ దృష్ట్యా రెండు మార్పులు గమనించాలి. వోల్టేజిని సర్దే పీఎంఐసీ అనే చిప్పు ఇప్పుడు బోర్డు మీద కాక స్టిక్కు మీదే ఉంటుంది, దాని వేడి కూడా పక్కనున్న మెమరీ చిప్పులకు తగులుతుంది. మేలు చేసే మార్పు, ప్రతి స్టిక్కులోనూ ఉష్ణోగ్రత సెన్సార్ ఉండడం. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రాం తెరిస్తే అంకె కళ్ల ముందు ఉంటుంది. ఆన్-డై ఈసీసీ అనే తప్పుల సవరణ ఏర్పాటు ఉంది కాబట్టి ఎర్రర్ల భయం లేదని మా అన్న కొడుకు ఎక్కడో విన్నాడు. అది చిప్పు లోపల పుట్టే తప్పులను మాత్రమే సవరిస్తుంది. చిప్పుకూ ప్రాసెసర్‌కూ మధ్య దారిలో పుట్టే తప్పును అది చూడనైనా చూడదు. ఆ రోజు పాడైన ఫోటో ఒకటి నేను ఇంకా దాచి ఉంచాను, వాడికి వాట్సాప్‌లో పంపాను. చాలాసేపటికి "ఆ చీర నిజంగా పసుపుదేనా?" అని అడిగాడు.

వాడు చివరికి లైట్లు లేని 6000 సీఎల్ 30, రెండు 16 జీబీ స్టిక్కుల కిట్టు తీసుకున్నాడు. లోపల హైనిక్స్ చిప్పులు. నా బోర్డులో ఇప్పుడు రెండు ప్రొఫైళ్లు దాచి ఉన్నాయి. ఉగాది నుంచి మృగశిర కార్తెలో తొలకరి పడేదాకా వదులు టైమింగులు, ఆ తరువాత కాస్త బిగువు. మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె మొదలవుతుంది. ఆ వారంలో ఒక మధ్యాహ్నం వాడు తన కంప్యూటర్‌ను నా మిద్దె మీదికి తెస్తానన్నాడు. కూలర్ ఆపి, మూత వేసి, ఒంటి గంట నుంచి నాలుగింటి దాకా టెస్ట్‌మెమ్5 నడుపుతాం. ఒక్క ఎర్రరు కనిపించినా 6000ను 5600కు దించి మళ్లీ మొదలుపెడతాం.